పేద ఇళ్ళల్లోని పసిపిల్లలకి సాయం: బొమ్మలు, బట్టలు పంచితే సరిపోతుందా?

పక్కవీధి:

అందరికీ నమస్తే. మేము ఒక పదిమంది దాకా ఉంటాం, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కొందరు, రిటైరైనవాళ్ళు కొందరు. మా ఇళ్ళకి దగ్గర్లోనే రోజుకూలి మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి, వాటిల్లో ఐదేళ్ళలోపు పిల్లలే ఎక్కువ. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోతే పగలంతా ఎనిమిదేళ్ళ అక్క చంకలో ఏడాది పిల్లాడు ఉంటాడు. చూస్తూ ఊరుకోలేక ఏదైనా చేద్దామని కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకరు బొమ్మలు, బట్టలు పంచుదామన్నారు, ఇంకొకరు పాలపొడి డబ్బాలన్నారు, ఒకాయనైతే పాత ట్యాబులు పోగేసి పిల్లల పాటలు నింపి ఇద్దామంటున్నాడు. నాకెందుకో ఇదంతా ఒక్కరోజు హడావుడిలా అనిపిస్తోంది, మర్నాటికి ఎవరి దారి వాళ్ళదే.

డబ్బు పెద్దగా లేదు. వారానికి తలా రెండు మూడు గంటలు మాత్రం ఇవ్వగలం. ఇంత చిన్న గుంపు వల్ల పిల్లలకి నిజంగా తేడా వచ్చే పని ఏదైనా ఉందా? బడికెళ్ళే పిల్లలైతే ట్యూషన్ చెప్పొచ్చు, రెండేళ్ళ పిల్లాడికి ఏం చెప్తాం? తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి, తిట్టినా పర్లేదు.

బలపంముక్క:

రెండేళ్ళ పిల్లాడికి మీరేమీ చెప్పక్కర్లేదండీ. వాళ్ళమ్మ పక్కన కూర్చోండి, అది చాలు.

జమైకాలో 1986-87లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. కింగ్‌స్టన్ పేదవాడల్లో వయసుకి తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు 129 మంది, అందరూ 9 నుంచి 24 నెలల మధ్యవాళ్ళు. వాళ్ళని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి పోషకాహారం మాత్రమే, ఒక గుంపుకి వారానికోసారి ఇంటికొచ్చి ఒక గంట తల్లీబిడ్డల చేత ఆడించే మనిషి, ఒక గుంపుకి రెండూ, ఒక గుంపుకి ఏదీ లేదు. అలా రెండేళ్ళు నడిపారు. ఇంటికొచ్చే మనిషి డాక్టరూ కాదు, ప్రొఫెసరూ కాదు, శిక్షణ తీసుకున్న మామూలు ఆరోగ్య కార్యకర్త. బొమ్మలు కూడా పారేసే డబ్బాలు, అట్టముక్కలతో చేసినవే, ఒక వారం ఇచ్చి మళ్ళీ వారం అవి తీసుకుని వేరేవి ఇచ్చేవారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్లల్ని వెతికి పట్టుకుని చూస్తే, ఆ ఆటల గంట దక్కినవాళ్ళ సంపాదన దక్కనివాళ్ళకంటే 25 శాతం ఎక్కువగా ఉంది. పోషకాహారం ఒక్కటే అందినవాళ్ళలో అంత దూరం నిలిచిన లాభం కనపడలేదు. తిండి అక్కర్లేదని కాదు నేననేది, కడుపు కాలుతున్న పిల్లాడు ఆడడు. తిండితో ఆగిపోతే సగం పనే అయినట్టు, అంతే.

ఆ గంటలో ఏం జరుగుతుందో చెప్తాను, ఇలా ఇళ్ళకెళ్ళే టీమ్‌లో కొన్నాళ్ళు పనిచేశాను కాబట్టి. వెళ్ళగానే సంచీ విప్పి పిల్లాడి ముందు కుమ్మరించకూడదు. కొత్తగా వచ్చే ప్రతివాళ్ళకీ చెయ్యి దురద పెట్టేది అక్కడే. డబ్బా, మూతలు తల్లి చేతికివ్వాలి. ఆమె డబ్బాలో ఒక మూత వేస్తుంది, టప్పుమని చప్పుడవుతుంది, పిల్లాడు డబ్బాలోకి తొంగి చూస్తాడు, ఆ వెంటనే తలెత్తి తల్లి మొహంలోకి చూస్తాడు. మీ మొహంలోకి కాదు. అప్పుడామె నవ్వి "ఏదీ, ఇప్పుడు నువ్వెయ్" అంటే ఆ వారానికి పని అయిపోయినట్టే. మీరు చెయ్యాల్సిందల్లా అప్పటిదాకా నోరు మూసుకుని కూర్చోవడం, ఆ తర్వాత "చూశావామ్మా, వాడు నీకేసే చూశాడు" అని ఆమెకి చెప్పడం. పిల్లాణ్ణి సరిగ్గా పెంచట్లేదని ఆమెకి చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు, ఈ మాట చెప్పేవాళ్ళు ఉండరు.

ఇంకో సంగతి. "రోజూ అరగంట పిల్లాడితో ఆడమ్మా" అని చెప్పి వచ్చారనుకోండి, పై వారం ఆమె తలుపు తీయదు. ఆమెకి అరగంట ఎక్కడుంది? చేసే పనిలోనే ఆట దొరకాలి. బట్టలు మడతపెట్టేటప్పుడు "ఇది నాన్న చొక్కా, ఇది నీది, ఏది పెద్దది?" అనొచ్చు. నీళ్ళు పోసేటప్పుడు కళ్ళేవి, ముక్కేది అనొచ్చు. ఇవన్నీ ఆమెకి తెలిసినవే, చాలాసార్లు చేసేవే, కాకపోతే వీటికి విలువుందని ఎవరూ అనలేదు.

ట్యాబుల ఆయనకి నా తరఫున ఒక దండం పెట్టండి. రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకి రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో వదిలించుకోవాలని చూస్తున్నదాన్ని పట్టుకెళ్ళి లేనివాళ్ళ ఇళ్ళల్లో పెట్టడం ఏమిటండీ.

వార్డుమనిషి:

బలపంముక్క గారు చెప్పినదానికి ఓటు వేస్తూనే ఒక చిన్న సవరణ. మూతలంటే పెద్ద మూతలే తీసుకోండి. మూడేళ్ళలోపు పిల్లల నోట్లో పట్టే సైజు వస్తువు ఏదైనా సరే గొంతుకడ్డం పడే ప్రమాదం ఉంది. గింజలు, గులకరాళ్ళు పోసి గిలక్కాయ చేసే ఆలోచన ఉంటే మూత ఊడకుండా గట్టిగా బిగించి, మీరే లాగి చూసి ఇవ్వండి.

పాలపొడి డబ్బాలు మాత్రం దయచేసి వద్దు. మంచి మనసుతో చేసే చెడ్డ పని అది. బిడ్డ తాగేకొద్దీ తల్లికి పాలు పడతాయి, డబ్బాపాలు మొదలైతే తల్లిపాలు తగ్గిపోతాయి, ఈలోగా మీరిచ్చిన డబ్బా అయిపోతుంది. ఇంకోటి కొనే స్తోమత ఉండదు, ఉన్న పొడికే నీళ్ళు ఎక్కువ కలుపుతారు. ఆ నీళ్ళు ఎలాంటివో, సీసా ఎలా కడిగారో దేవుడికెరుక. తల్లులకి వీటి ఉచిత శాంపిళ్ళు ఇవ్వకూడదని 1981లోనే అంతర్జాతీయ నియమావళి వచ్చింది, ఊరికే రాలేదు. ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఏ తల్లికైనా నిజంగా పాలు చాలకపోతే, బిడ్డ బరువు పెరగకపోతే డాక్టరు చూసి చెప్పాలి, మనం కాదు.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. మీరు వెళ్ళే ఇళ్ళల్లో కొందరు తల్లులు మీతో మాట్లాడరు. బిడ్డ ఏడుస్తున్నా గోడకేసి చూస్తూ కూర్చుంటారు. చుట్టుపక్కలవాళ్ళు పొగరంటారు, బద్ధకమంటారు. చాలాసార్లు అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. పేదరికం, అప్పులు, మొగుడి తాగుడు, నిద్రలేమి అన్నీ ఒకేసారి మీద పడితే రాకుండా ఉంటుందా? ఆమె అలా ఉన్నంతకాలం మీరు ఎన్ని బొమ్మలు పట్టుకెళ్ళినా పిల్లాడికి చేరవు.

ఇది నయమయ్యేదే, పెద్ద ఆసుపత్రిలోనే కావాలని కూడా లేదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో అక్కడి మహిళా ఆరోగ్య కార్యకర్తలకి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్ళకి కాన్పుకి ముందూ తర్వాతా పంపించారు. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. బిడ్డకి ఆరు నెలలొచ్చేసరికి, ఆ మాటల సాయం అందినవాళ్ళలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది, మామూలుగా వచ్చి పలకరించి వెళ్ళిన ఇళ్ళల్లో 53 శాతం మందికి ఉంది. ఆ పిల్లలకి విరేచనాలు తగ్గాయి, టీకాలు పూర్తిగా పడ్డాయి, తండ్రులు కూడా పిల్లలతో ఎక్కువ ఆడారు. అంతా కలిపి మందుబిళ్ళ ఒక్కటి లేదు. అయితే ఏ తల్లైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే మాత్రం మీరు కౌన్సెలింగ్ మొదలుపెట్టొద్దు, ఆమెని ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

పిల్లల విషయంలోనూ అంతే. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోయినా, వచ్చిన నాలుగు మాటలూ పోయినా డాక్టరుకి చూపించండి. "ఇదేదో ఆటిజంలా ఉందే" అని మీరే పేరు పెట్టేసి రావద్దు. ఆ మాట అనేసి మీరు ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటారు, ఆ తల్లికి నిద్ర ఉండదు.

లెక్కలేవీ:

అందరూ ఊపు మీదున్నారు, నేను కాస్త నీళ్ళు చల్లుతాను, ఏమనుకోవద్దు.

జమైకా ఫలితాలు నిజమే, కానీ అది 129 మంది పిల్లలు, శిక్షణ, పైన చూసుకునే మనుషులు, రెండేళ్ళపాటు తప్పకుండా ప్రతివారం. అమెరికాలో మిషిగన్‌లో 1962 నుంచి 67 దాకా నడిచిన పెర్రీ ప్రీస్కూల్ అనే పసిపిల్లల బడి అధ్యయనంలో కూడా 123 మందే, అందులోనూ సుమారు సగం మందికే బడి, మిగతావాళ్ళు పోల్చి చూడటానికి. మీ పదిమందీ శనివారం వెళ్ళొచ్చి ఇరవై ఏళ్ళ తర్వాత 25 శాతం అని కలలు కనొద్దు. పెర్రీలో ఇంకో తమాషా ఉంది. ఆ బడికెళ్ళిన పిల్లలకి మొదట ఐక్యూ బాగా పెరిగింది, ప్రాథమిక పాఠశాలలో కొన్నేళ్ళకే ఆ తేడా కరిగిపోయింది. అక్కడితో లెక్క కట్టి ఉంటే డబ్బు దండగ అని రాసేవాళ్ళు. నలభై ఏళ్ళ వయసులో చూస్తే వాళ్ళకే ఉద్యోగాలు, ఆదాయం ఎక్కువ, అరెస్టులు తక్కువ. కాబట్టి ఆరు నెలలకి పిల్లాడికి ఎన్ని రంగులు వచ్చాయని పరీక్ష పెట్టి నీరసపడకండి.

ఇంగ్లండ్‌లో 1999లో మొదలైన ష్యూర్ స్టార్ట్ సంగతి ఇంకా చెప్పుకోవాలి. పేద ప్రాంతాల్లో ఆరోగ్యం, ఆటలు, తల్లిదండ్రులకి సలహాలు, ఉద్యోగం వెతకడంలో సాయం అన్నీ ఒక్కచోట పెట్టారు. మొదట్లో పసివాళ్ళు ఆసుపత్రిలో చేరడం పెరిగింది! జబ్బు ఉందని చెప్పి పంపేవాళ్ళు దొరకడం దానికి ఒక కారణం కావచ్చంటారు. పెద్దయ్యేకొద్దీ అదే పిల్లలు ఆసుపత్రికి వెళ్ళడం తగ్గింది. పదహారేళ్ళకి రాసే పరీక్షల్లో మార్కులు కూడా బాగున్నాయని, అది పేద పిల్లల్లోనే ఎక్కువ కనిపించిందని 2024లో తేల్చారు. తేల్చేసరికి ఏముంది, 2010 తర్వాత నిధులు కోసేసి చాలా కేంద్రాలు మూసేశారు. ఫలితం కనపడటానికి పదిహేనేళ్ళు, ఎన్నికలు ఐదేళ్ళకోసారి. దీనికి మందు నా దగ్గర లేదు.

మీకు పనికొచ్చే ముక్క ఒక్కటే. ఎక్కువ ఇళ్ళు పట్టుకోవద్దు. ఇద్దరిద్దరుగా ఐదు జట్లు, జట్టుకి మూడిళ్ళు మించకుండా, కనీసం రెండేళ్ళు. వాళ్ళు మీకోసం ఎదురుచూడటం అలవాటయ్యాక మానేసేదానికంటే అసలు వెళ్ళకపోవడమే మేలు.

అన్నట్టు, పేదింటి పిల్లలు నాలుగేళ్ళొచ్చేసరికి మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని ఎవరో ఒకరు మీ మీటింగులో అంటారు చూడండి, తప్పకుండా అంటారు. అది 1995లో 42 కుటుంబాలని చూసి వేసిన లెక్క, అందులో నిరుపేద కుటుంబాలు ఆరే. తర్వాత చూసినవాళ్ళు, ఇంట్లో పిల్లాడి చుట్టూ అక్కా అమ్మమ్మా మాట్లాడే మాటలు కూడా కలుపుకుంటే ఆ తేడా అలా నిలవదని చూపించారు. మాట్లాడటం రానివాళ్ళకి నేర్పడానికి వెళ్తున్నాం అనుకుంటూ గడప ఎక్కితే వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

గడపలోపలి మనిషి:

ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా రాసినవాళ్ళంతా సాయం చేసేవైపు నుంచే రాశారు. నేను తీసుకున్నవైపు నుంచి రాస్తాను. చిన్నప్పుడు మేము అలాంటి ఇంట్లోనే ఉండేవాళ్ళం.

మా వీధికి బొమ్మలు పంచడానికి ఒక సంఘంవాళ్ళు వచ్చారు. పిల్లలందర్నీ వరసగా నిలబెట్టారు. అందరికీ సరిపడా బొమ్మలు లేవు, ఫోటో మాత్రం అందరితోనూ కావాలి. అందుకని నా చేతిలో ఒక ఎలుగుబంటి పెట్టి నవ్వమన్నారు, ఫోటో తీశాక అది తీసుకుని నా వెనకవాడి చేతిలో పెట్టారు. మా అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఏమీ అనలేదు, ఆ తర్వాత ఎవరొచ్చి ఏం పంచినా మమ్మల్ని పంపలేదు. టీకాలవాళ్ళొచ్చినా మమ్మల్ని లోపలికి రమ్మని తలుపేసేది. ఫోటోలు తీయొద్దు అని ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి రాస్తున్నా. తీయొద్దు. మొహాలు బ్లర్ చేస్తాం అని కూడా తీయొద్దు.

ఇంకోటి, పక్కవీధి గారూ, మీరు రాసిన ప్రశ్న మళ్ళీ చదవండి. ఎనిమిదేళ్ళ అక్క చంకలో పిల్లాడు అన్నారు. అందరూ ఆ చంకలో పిల్లాడి గురించే మాట్లాడారు. ఆ అక్క బడికి ఎందుకు వెళ్ళట్లేదో ఒక్కరూ అడగలేదు. ఆ పిల్ల కూడా పిల్లే కదా. తమ్ముణ్ణి చూసుకునే దిక్కు లేక ఆమె చదువు పోతోంది, రేపు ఆమె పిల్లల కోసం ఇంకో పదిమంది ఇలాగే మీటింగు పెట్టుకోవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పసివాళ్ళని భద్రంగా ఉంచే చోటు ఒకటి దొరికితే ఒక్క దెబ్బకి ఇద్దరు పిల్లలు బయటపడతారు, తల్లి కూలి కూడా పోదు. మా ఇంట్లో ఆ పని పక్కింటి ముసలావిడ చేసింది. ఆవిడ లేకపోతే నేను ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాదు.

నేపాల్‌లో మక్వాన్‌పూర్ జిల్లాలో ఆడవాళ్ళ గుంపులు నెలకోసారి కూర్చునేవి. ఎవరూ ఏమీ పంచలేదు. కాన్పుల్లో, పురిట్లో ఎదురయ్యే కష్టాలేంటో వాళ్ళే చెప్పుకున్నారు, ఏది ముందు తేల్చాలో వాళ్ళే అనుకున్నారు, అత్యవసరానికి చందా వేసుకోవడం, మోసుకెళ్ళడానికి స్ట్రెచర్ సిద్ధంగా పెట్టుకోవడం లాంటివి వాళ్ళే చేసుకున్నారు. ఆ గుంపులున్న చోట పురిటిబిడ్డల మరణాలు 30 శాతం తక్కువగా ఉన్నాయని 2004లో లెక్క బయటికొచ్చింది. పదేళ్ళ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థే ఇలాంటి గుంపులు పెట్టమని సిఫారసు చేసింది. కాబట్టి ఏం చెయ్యాలని ఇక్కడ మమ్మల్ని అడిగారు బాగానే ఉంది, ఆ తల్లుల్ని అడిగారా?

పక్కవీధి:

అందరికీ థాంక్సండి, ముఖ్యంగా గడపలోపలి మనిషి గారికి. ఈ థ్రెడ్ మొత్తం మా గ్రూపులో పెట్టాను. పాలపొడి, ట్యాబులు రెండూ తీసేశాం, ట్యాబుల ఆయన కాస్త అలిగాడు, సర్దుకుంటాడు. ఆ పిల్ల గురించి మాత్రం మీరు అన్నాక నోట మాట రాలేదు.

ముందు తల్లులతో మాట్లాడదాం అనుకుంటున్నాం. అయితే రెండు టెన్షన్లు. ఒకటి, మా గుంపులో మగవాళ్ళమే ఎక్కువ, పగటిపూట ఆడవాళ్ళు మాత్రమే ఉండే ఇళ్ళకి ఎలా వెళ్తాం? రెండోది, పిల్లల్ని చూసుకునే చోటు పెట్టడం మా వల్ల అవుతుందా, ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత?

వార్డుమనిషి:

రెండోది ముందు చెప్తా. మీరు సొంతంగా పెట్టొద్దు. పసిపిల్లల కేంద్రం నడపడానికి అనుమతులు, శిక్షణ ఉన్న మనుషులు, ఒక్కొక్కరికి ఇంతమందే పిల్లలు అనే లెక్క, ఇవన్నీ కావాలి. ముందు దగ్గర్లో ప్రభుత్వానిదో ఇంకెవరిదో ఉందేమో చూడండి. చాలాచోట్ల ఉంటుంది, కానీ తల్లి పనికెళ్ళే టైముకి తెరవరు, ఆమె తిరిగొచ్చేలోపు మూసేస్తారు, లేదా రెండేళ్ళలోపు పిల్లల్ని తీసుకోరు, లేదా ఏదో కాగితం లేదని తిప్పి పంపుతారు. కాగితాల గొడవైతే మీలో రిటైరైనవాళ్ళు ఆమెతో కలిసి ఆఫీసుకెళ్ళి కూర్చుంటే తేలిపోవచ్చు. చదువుకున్న మనిషి పక్కనుంటే కౌంటర్లో మాట తీరే మారిపోతుంది, అన్యాయమే కానీ నిజం. టైము మార్చమని తల్లులంతా కలిసి రాసిచ్చే అర్జీ రాయడానికి సాయం చెయ్యండి. ఆ అక్కని బడిలో చేర్పించడం కూడా ఇందులోకే వస్తుంది, బడి హెడ్‌మాస్టరుతో మాట్లాడండి.

పిల్లలతో ఏ పని చేసినా ఒక రూలు మాత్రం రాసి పెట్టుకోండి: పెద్దవాళ్ళెవరూ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, నలుగురికీ కనపడే చోటే, తల్లో తండ్రో ఇంకొకరో ఉండగానే. మీ పదిమందీ మంచివాళ్ళే అయ్యుండొచ్చు, పదకొండోవాడు ఎవడో మీకు తెలీదు.

బలపంముక్క:

మగవాళ్ళు ఎక్కువైతే మంచిదేనండీ, తండ్రుల దగ్గరికి వెళ్ళండి. పిల్లల సంగతి అనగానే అందరూ తల్లినే పట్టుకుంటారు, తండ్రిని ఎవరూ పలకరించరు. సాయంత్రం పని నుంచి వచ్చి బయట కూర్చుంటారు కదా, అప్పుడు. పిల్లాడు వాళ్ళ ఒళ్ళోకే ఎక్కుతాడు, డబ్బా మూతల ఆట అక్కడా ఆడొచ్చు. ఇళ్ళల్లోకి ఆడవాళ్ళు వెళ్తారు, జట్టులో ఒక్కరైనా ఆడమనిషి లేకపోతే ఆరుబయట అందరూ చేరేచోటే కలవండి.

గడపలోపలి మనిషి:

టైము వాళ్ళనే అడగండి, మీకు శనివారం సెలవని శనివారం పెట్టొద్దు. కూలికెళ్ళేవాళ్ళకి శనివారం కూడా పనే. మొదటిసారి టీకాలేసే నర్సమ్మతో కలిసి వెళ్ళండి, ఆవిడకి ప్రతి ఇల్లూ తెలుసు, ఎవరితో ముందు మాట్లాడాలో కూడా చెప్తుంది. చేతిలో ఏమీ పట్టుకెళ్ళొద్దు. ఏమైనా ఇస్తారేమోనని చూసి, ఇవ్వట్లేదని తెలిశాక కొందరు లోపలికి వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వండి. మిగిలినవాళ్ళతో మొదలుపెట్టండి.